ఇద్దరికీ కలిపి ఒక్క డైవ్ కంప్యూటర్ చాలదా?

"అన్నా, నమస్తే. మాది హనుమకొండ. నేను కాలేజీ లెక్చరర్‌ని, మా ఆయనకు పరకాలలో ఎరువుల దుకాణం. నాకు 38, ఆయనకు 45. పోయిన ఫిబ్రవరిలో అండమాన్ వెళ్లి స్వరాజ్ ద్వీప్‌లో ఇద్దరం స్కూబా డైవింగ్‌లో మొదటిదైన ఓపెన్ వాటర్ కోర్సు చేసి వచ్చాం. ఈ జనవరిలో మళ్లీ వెళ్తున్నాం, వేసవి లోపు వీలైతే విశాఖపట్నంలో కూడా ఒకటి రెండు డైవ్‌లు చేద్దామని ఉంది. నీళ్లలో ఏ లోతులో ఇంకా ఎంతసేపు ఉండొచ్చో లెక్కకట్టి చూపించే యంత్రం ఉంటుంది కదా, చేతికి కట్టుకునేది, ఆ డైవ్ కంప్యూటర్ సొంతంగా కొనుక్కోమని ఇన్‌స్ట్రక్టర్ చెప్పాడు. చూస్తే 20 వేల చిల్లర నుంచి లక్ష దాటిన వాటి దాకా ఉన్నాయి. ఇద్దరికీ కలిపి ఒకటి మంచిది కొంటే చాలదా? తన స్మార్ట్ వాచీ మీద 50 మీటర్లు అని రాసి ఉంది కదా, అసలు వేరేది ఎందుకు అంటాడు మా ఆయన. డిసెంబర్‌లో మా అక్క కొడుకు అమెరికా నుంచి వస్తున్నాడు, వాడిని తెమ్మనాలా?"

చెల్లె, ముందు బావ వాచీ సంగతి తేల్చేద్దాం, అది తేలకపోతే మిగతాదేదీ ఆయన చెవికెక్కదు. 50 మీటర్లు అని రాసి ఉన్నంత మాత్రాన దాన్ని కట్టుకుని సముద్రంలో 50 మీటర్లు దిగొచ్చని కాదు. కొత్త వాచీని కదలకుండా పెట్టి అంత లోతుకు సమానమైన ఒత్తిడి ఇస్తే లోపలికి నీళ్లు పోలేదు, అంతవరకే దాని అర్థం. వానలో బండి మీద పరకాల పోయి రావడానికి, స్విమ్మింగ్ పూల్‌లో నాలుగు చుట్లు కొట్టడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. డైవింగ్ కోసం చేసే వాచీలకు వేరే ప్రమాణం ఉంది, ఐఎస్ఓ 6425 అంటారు. సరే, నీళ్లు పోకుండా నిలబడిందే అనుకో, అప్పుడైనా అది చెప్పేది టైము, మహా అయితే గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో. మీకు కావలసిన లెక్క దాని దగ్గర లేదు. ఆపిల్ వాచ్ అల్ట్రా అయితే వేరే మాట, దానికి లోతు కొలిచే సెన్సర్ ఉంది, ఓషియానిక్ ప్లస్ అనే యాప్‌తో 40 మీటర్ల దాకా నిజంగానే డైవ్ కంప్యూటర్‌లా పనిచేస్తుంది, కాకపోతే యాప్‌లో డైవింగ్ లెక్కలకు చందా కట్టాలి. బావది అది కాదని నీ ఉత్తరంలోనే తెలుస్తోంది, అదైతే 50 బదులు 100 మీటర్లు అని ఉండేది.

ఇక ఆ లెక్క ఏమిటో. కోర్సులో చెప్పే ఉంటారు, కానీ కోర్సులో చెప్పినవి పరీక్ష అయ్యేదాకే గుర్తుంటాయి, లెక్చరర్‌వి, నీకు నేను చెప్పాలా.

నీళ్లలో 10 మీటర్లు దిగితే ఒంటి మీద ఒత్తిడి రెండింతలు, 20కి మూడింతలు, 30కి నాలుగింతలు. ఆ ఒత్తిడిలో పీల్చే గాలిలోని నైట్రోజన్ ఒంట్లో నానుతూ ఉంటుంది. నానడం అన్న మాట కావాలనే వాడాను. అటుకులు, పెసరపప్పు, సెనగలు ఒకేసారి మూడు గిన్నెల్లో నీళ్లు పోసి పెట్టు. అటుకులు నువ్వు చెయ్యి కడుక్కుని వచ్చేలోపు నానిపోతాయి, సెనగలకు రాత్రంతా కావాలి. ఒంట్లోనూ అంతే, రక్తం బాగా పారే చోట్ల నైట్రోజన్ చకచకా నిండుతుంది, కొవ్వులాంటి చోట్ల నిదానంగా. స్విట్జర్లాండ్‌లో బ్యూల్‌మన్ అనే డాక్టరు తయారుచేసిన లెక్కలో ఇలాంటి గిన్నెలు 16. మొదటిది సగం నానడానికి 4, 5 నిమిషాలు, చివరిది సగం నానడానికి 635 నిమిషాలు, అంటే పదిన్నర గంటలు, అచ్చం మన సెనగలే. పైకి వచ్చేటప్పుడు ఇదంతా మెల్లగా ఆరాలి. ఆరకముందే పైకి ఎగబాకితే గోలీ సోడా కొట్టినట్టు లోపల బుడగలు లేస్తాయి, దాన్నే బెండ్స్ అంటారు. అసలు ఈ గిన్నెల ఊహ బ్యూల్‌మన్ కంటే చాలా ముందే, 1908 నాటికే బ్రిటన్‌లో హాల్డేన్ అనే ఆయనది. మేకల మీద ప్రయోగాలు చేసి తేల్చాడు, నొప్పి పట్టిన మేక ముందరి కాలు ఎత్తి నిలబడేదట, పాపం.

కంప్యూటర్ చేసేది ఏమిటంటే, కొన్ని సెకన్లకోసారి మీ లోతు కొలిచి, గడియారం చూసి, ఆ గిన్నెలు ఎంతెంత నిండాయో లెక్క కట్టి, 'ఈ లోతులో ఇంకా ఇన్ని నిమిషాలు ఉండొచ్చు' అని ఒక అంకె చూపిస్తుంది. నో-డెకో టైమ్ అనేది అదే. కోర్సులో మీకు చూపించిన టేబుల్‌లో 18 మీటర్లకు 56 నిమిషాలని ఉండి ఉంటుంది. టేబుల్ మీరు డైవ్ అంతా 18 మీటర్ల అడుగునే కూర్చున్నారని అనుకుంటుంది. నిజంగా మీరు 18కి దిగి, పది నిమిషాలు తిరిగి, 12కి వచ్చి, చేప కనబడిందని 14కి దిగి, ఇలా పైకీ కిందికీ తిరుగుతారు. కంప్యూటర్ ఆ తిరుగుడంతా లెక్కలో వేస్తుంది కాబట్టి ఎక్కువ టైము ఇస్తుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకో, అది మీ రక్తాన్ని చూసి చెప్పదు. రాత్రి నిద్ర లేదని, పడవలో వాంతులై ఒంట్లో నీళ్లు లేవని దానికేం తెలుసు. అందుకే అది 3 నిమిషాలు మిగిలాయి అంటే ఆ మూడూ వాడేసుకునే రకం మనుషులంటే నాకు భయం. పది నిమిషాలు మిగిలి ఉండగానే పైకి జరగడం అలవాటు చేసుకోండి.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న, ఇద్దరికీ ఒకటి. కుదరదు. పొద్దున డైవ్‌లో నువ్వు కట్టుకుని, మధ్యాహ్నం బావ కట్టుకుంటే ఆ కంప్యూటర్ దృష్టిలో అవి ఒకే మనిషి చేసిన రెండు డైవ్‌లు, నీ నైట్రోజన్ ఆయన ఖాతాలో పడుతుంది. అది బావకు టైము తగ్గించి చూపిస్తుంది, పోనీ అనుకోవచ్చు. రెండో రోజు నువ్వు మళ్లీ కట్టుకున్నప్పుడు ఎవరిది ఎంతో దానికీ తెలియదు, మీకూ తెలియదు. పొద్దున కంప్యూటర్ లేకుండా దిగిన మనిషి లెక్క దాంట్లో అసలు ఉండదు, అది ఇంకా ప్రమాదం. మరి ఇద్దరం పక్కపక్కనే ఉంటాం కదా, ఒకరిది చూస్తే చాలు కదా అంటావేమో. కొత్తగా నేర్చుకున్నవాళ్లు ఒకే లోతులో ఉండరు చెల్లె. ఒకరు రెండు మీటర్లు పైన తేలుతుంటారు, ఇంకొకరు ఇసుకకు ఆనుకుని ఫొటో తీస్తుంటారు. మనల్ని కిందికి తీసుకెళ్లే గైడు, అదే డైవ్ మాస్టర్, ఆయన కంప్యూటర్ చూసుకుంటాం అనే మాట కూడా వింటుంటాను. ఆయన చేతికి ఉన్నది ఆయన నైట్రోజన్ లెక్క.

అద్దెకు తీసుకుంటే? ఏడాదికి ఒక్క ట్రిప్ అయితే నేనైతే తప్పు పట్టను, వరంగల్ నుంచి సముద్రం ఎంత దూరమో మనకు తెలియనిదా. కాకపోతే ట్రిప్ మొత్తం అదే కంప్యూటర్ మీ చేతికే ఉండాలి. నిన్న సాయంత్రం ఇంకెవరో కట్టుకుని దిగినది ఈ పొద్దున మీకిస్తే వాళ్ల నైట్రోజన్ మీ నెత్తిన పడుతుంది. మీరు ఏడాదికి రెండు ట్రిప్పులు అంటున్నారు కాబట్టి కొనుక్కోవడమే మేలు, అద్దె మిగులుతుందని కాదు, ప్రతిసారీ కొత్త యంత్రం, కొత్త బటన్లు, కొత్త గుర్తులు నేర్చుకునే బాధ తప్పుతుందని.

ఏది కొనాలి అన్నదానికి ముందు నా బుద్ధితక్కువ పని ఒకటి చెప్తాను. నా మొదటి కంప్యూటర్ సెకండ్ హ్యాండ్‌ది, వాచీలా సన్నగా, అందంగా ఉండేది, పెళ్లిళ్లకు కూడా కట్టుకునేవాణ్ని. దాంట్లో సెల్ మార్చాలంటే కంపెనీ సర్వీసుకు పంపాలి. ఒక ఏడాది ట్రిప్‌కు వారం ముందు బీరువాలోంచి తీస్తే సెల్ అయిపోయింది. పంపే టైము లేదు. కాజీపేటలో మా ఇంటి దగ్గర వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లి, 'నాకు వద్దయ్యా, ఇది వేరే రకంలా ఉంది' అని ఆయన అంటున్నా వినకుండా మార్పించాను. మురుడేశ్వర్ దగ్గర నేత్రాణిలో మొదటి రోజు రెండు డైవ్‌లు బాగానే అయ్యాయి. రెండో రోజు 9 మీటర్ల దగ్గర చూస్తే అద్దం లోపల ఆవిరి పట్టినట్టు మసక, ఇంకో నిమిషానికి తెర నల్లగా అయిపోయింది. బడ్డీకి, అంటే నాకు జతగా దిగినవాడికి, సైగ చేసి మెల్లగా పైకి వచ్చేశాను. పైన ఇంకో కంప్యూటర్ అద్దెకు ఇస్తామన్నారు, కానీ నిన్న నేను చేసిన డైవ్‌ల సంగతి దానికి తెలియదు కదా, మామూలుగా చెప్పేది ఒక రోజంతా ఆగి కొత్తదానితో మొదలుపెట్టమని. ఆ రోజంతా పడవలో కూర్చుని పల్లీలు ఒలుచుకుంటూ, కిందికి వెళ్లి వచ్చినవాళ్లు చెప్పే తాబేలు కథలు విన్నాను. పెద్దాయన తప్పేం లేదు, లోపల ఓ-రింగ్ అనే రబ్బరు చుట్ట ఒకటి ఉంటుందని, దాన్ని కూడా మార్చి, ఒత్తిడి పెట్టి పరీక్షించాలని ఆయనకు ఎవరు చెప్పారు.

కాబట్టి నా మొదటి షరతు, సెల్ మనమే మార్చుకునేలా ఉండాలి. మొదటిసారి కొనేవాళ్లు చూసే వాటిలో క్రెస్సీ లియోనార్డో ఉంది, మారెస్ పక్ ప్రో ఉంది. రెండూ గుండ్రంగా, లావుగా, బొమ్మలాగా ఉంటాయి, ఒక్కటే బటన్, అంకెలు పెద్దవి. లియోనార్డోకు 2430 సెల్, పక్ ప్రోకు 2450. మన చౌరస్తాలో ఏ దుకాణంలో అడిగినా 2032 ఇస్తారు, అది సరిపోదు, చూసి తీసుకో. పైసలు ఎక్కువ పెట్టగలిగితే షియర్‌వాటర్ పెరిగ్రీన్ లాంటి రంగుల తెర ఉన్నవి. అంకెలు వెలుగుతూ కనిపిస్తాయి, ఫోన్‌లా ఛార్జింగ్ పెట్టుకోవాలి, నేను వాడి చూశాను, చాలా బాగుంది, అబద్ధం చెప్పను. కానీ ఏడాదిలో పది పన్నెండు డైవ్‌లకు ఇద్దరికీ రెండు అంత ఖరీదువి అంటే నా మనసు ఒప్పుకోవడం లేదు. ఒకటి ఖరీదుది కొని ఇంకొకరు అద్దెది వాడటం కంటే సాదావి రెండు, ఒకే మోడల్, కొనుక్కోండి.

ఒకే మోడల్ అని ఎందుకు అంటున్నానంటే, కంపెనీని బట్టి లెక్క మారుతుంది. బ్యూల్‌మన్ పద్ధతి కొందరిది, ఆర్‌జీబీఎం అనే పద్ధతి ఇంకొందరిది, పైగా ఎంత జాగ్రత్తగా ఉండాలో పెంచుకునే సెట్టింగు ఒకటి. పక్కపక్కనే తిరిగిన ఇద్దరి చేతుల మీద ఒకరికి 18 నిమిషాలు, ఇంకొకరికి 9 నిమిషాలు కనిపించడం మామూలే. అలాంటప్పుడు తక్కువ చూపించినదే మాట, ఇద్దరూ దానితోనే పైకి రావాలి. దుకాణం లెక్కలు చూసే మనిషి, బావ ఆ 18 వదులుకుని 9తో పైకి వస్తాడా? ఒకే మోడల్, ఒకే సెట్టింగ్ అయితే ఆ గొడవ ఉండదు, పైగా ఒకే పుస్తకం ఇద్దరూ చదువుకోవచ్చు.

బావకు 45 అన్నావు. చత్వారం మొదలైందా? మందు డబ్బా మీది అక్షరాలు చెయ్యి చాపి చదువుతున్నాడంటే మొదలైనట్టే. నీళ్లలో వస్తువులు కొంచెం పెద్దగా కనిపిస్తాయి గానీ చత్వారాన్ని అది కాపాడదు. వరంగల్‌లో కంప్యూటర్ చేతికి కట్టి చూపించే దుకాణం దొరకదు కాబట్టి ఒక పని చెయ్యి. మీరు అనుకుంటున్న మోడల్ కొలతలు చూసి, దాని ముఖం బొమ్మ సరిగ్గా అసలు సైజులో ప్రింట్ తీయించి, సాయంత్రం లైటు వేయకముందు, కళ్లజోడు లేకుండా ఆయన మణికట్టు మీద పెట్టు. నో-డెకో అంకె, లోతు, రెండూ ఒక్క చూపులో చదివితే సరే. కళ్లు చిట్లించాడా, మాస్కు అద్దం లోపల కింది అంచుకు అంటించుకునే చిన్న రీడింగ్ లెన్సులు దొరుకుతాయి, అవి తెప్పించు. అప్పటికీ కుదరకపోతే మాత్రం రంగుల తెర గురించి మళ్లీ ఆలోచించండి, చదవలేని కంప్యూటర్ చేతికి కట్టుకున్న రాయితో సమానం.

ట్యాంకులో గాలి ఎంత ఉందో కూడా చేతి మీదే చూపించే ట్రాన్స్‌మిటర్ ఉన్నవి ఇప్పుడొద్దు. గేజ్ చూసుకునే అలవాటు ముందు స్థిరపడనీ. దిక్సూచి, పాటలు, బ్లూటూత్, వీటి మీద ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకు. నైట్రాక్స్ లెక్క, అంటే మామూలు కంటే ఆక్సిజన్ ఎక్కువున్న గాలితో చేసే డైవ్‌ల లెక్క మాత్రం ఉండాలి, ఈ రోజుల్లో దాదాపు అన్నిటిలో ఉంటుంది. రేపు ఆ కోర్సు చేస్తే 32 శాతం ఆక్సిజన్ ట్యాంకుతో 33 మీటర్ల లోపే ఉండాలి, అది కంప్యూటర్‌లో సెట్ చేసే మనిషి మీరే, దానంతట అది ట్యాంకులో ఏముందో కనుక్కోలేదు. ఇంకొకటి, చాలా కంప్యూటర్లు మీరు నో-డెకో టైము దాటిపోయి, పైకి వచ్చే దారిలో ఆగమని అవి చెప్పిన చోట ఆగకుండా పైకి వస్తే అలుగుతాయి, 24 గంటలో 48 గంటలో లెక్క చెప్పడం మానేసి ఉత్త లోతు, టైము మాత్రమే చూపిస్తాయి. ట్రిప్ మధ్యలో అది జరిగితే పల్లీలే.

అది కూయడం గురించి కూడా చెప్పాలి. నిమిషానికి 9, 10 మీటర్ల కంటే వేగంగా పైకి వస్తే చాలావాటికి కోపం వస్తుంది, పీప్ పీప్ మంటుంది. నీళ్లలో శబ్దం గాలిలో కంటే నాలుగింతలకు పైగా వేగంగా పోతుంది కాబట్టి ఏ వైపు నుంచి వచ్చిందో చెవి పోల్చుకోలేదు, ఎవరిది కూసినా ఆరుగురూ ఒకేసారి తమ తమ చేతులు చూసుకుంటారు, పెళ్లి హాల్లో ఫోన్ మోగినట్టు. నా మొదటి ట్రిప్‌లో అందరినీ అనుమానంగా చూసి చివరికి నాదే అని తెలుసుకున్నాను. చివర్లో 5 మీటర్ల దగ్గర 3 నిమిషాల సేఫ్టీ స్టాప్ వచ్చినప్పుడు చాలావరకు అదే నిమిషాలు లెక్కపెట్టి చూపిస్తుంది, ఆ అంకె సున్నా అయ్యేదాకా కదలకండి.

తిరుగు ప్రయాణం సంగతి నువ్వు అడగలేదు గానీ టికెట్లు తీసుకునే ముందే చూసుకో. వరసగా కొన్ని రోజులు డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలన్నది డైవర్ల భద్రత చూసే డాన్ సంస్థ మాట, చాలా కంప్యూటర్లు 24 గంటలు చూపిస్తాయి, నేను 24 పాటిస్తాను. అండమాన్‌లో ఎలాగూ ఓడలో శ్రీ విజయపురం, అదే పాత పోర్ట్ బ్లెయిర్, చేరి అక్కడ ఒక రాత్రి ఉంటారు కదా, ఆ చివరి రోజు నీళ్లలో దిగకుండా మ్యూజియం, మార్కెట్ చూసుకోండి. విశాఖలో ఇంకో తిరకాసు ఉంది. అక్కడి నుంచి కాజీపేటకు రైల్లో వస్తే ఏ ఇబ్బందీ లేదు. కానీ మనవాళ్లు విశాఖ పోతే అరకు చూడకుండా రారు. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంటుంది, దారిలో ఘాట్ ఇంకా ఎత్తు. పొద్దున రుషికొండలో డైవ్ చేసి మధ్యాహ్నం కారులో అరకు ఎక్కడమంటే విమానం ఎక్కే తప్పుకు తమ్ముడి లాంటి తప్పు. అరకు ముందు, డైవ్‌లు తర్వాత పెట్టుకోండి. బొర్రా గుహలు ఎక్కడికీ పోవు.

కొన్నాక జనవరి దాకా పెట్టెలో పెట్టకు. ప్లాన్ అనే మోడ్ ఒకటి ఉంటుంది, దాంట్లో 12 మీటర్లకు ఎంత టైము, 15కి ఎంత, 18కి ఎంత అని చూపిస్తుంది, రోజూ రాత్రి అన్నం తిన్నాక ఇద్దరూ ఐదు నిమిషాలు నొక్కి చూసుకోండి. పుస్తకంలోని గుర్తులన్నీ ఒకరినొకరు అడగండి, ప్రశ్నపత్రం ఎలా తయారుచెయ్యాలో నీకు తెలుసు. బావ దాన్ని పరీక్షిస్తానని ఊళ్లో మోటబావిలో దూకుతానంటే మాత్రం వద్దను, చిన్నప్పుడు నడుముకు బెండు కట్టుకుని నేర్చుకున్న ఈత ఎంత బాగా వచ్చినా సరే.

అక్క కొడుకు సంగతి. తెమ్మను, ఫికర్ లేదు. అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ పని చెయ్యకపోవచ్చు, రంగుల తెర ఖరీదుదైతే నేను ఇండియాలోనే కొనమనేవాణ్ని. సెల్ మార్చుకునే సాదా వాటిలో చెడిపోయేది తక్కువ, ధరలో తేడా చూసుకుని నిర్ణయించుకో. ఆఫర్ ఉందని పాత స్టాకు గానీ ఎవరో వాడినది గానీ తేవొద్దని గట్టిగా చెప్పు. వాడికి పంపాల్సిన చిట్టా ఇది: ఒకే మోడల్ కంప్యూటర్లు రెండు, వాటికి సరిపోయే సెల్లులు నాలుగు, సెల్ మూతకు వేసే ఓ-రింగులు నాలుగు, వాటికి రాసే సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబు ఒకటి. సూట్‌కేసులో మిగిలిన చోటంతా ఎలాగూ చాక్లెట్లే తెస్తాడు.